మొల్ల (పేరు)

మొల్ల అనునది తెలుగులో అరుదుగా కనిపించే స్త్రీ నామము. ఇది ఒక జాతి మల్లెపువ్వు పేరు. 'మొల్ల రామాయణము'గా ప్రసిద్ధి పొందిన కావ్యమును రచించిన ఆతుకూరి మొల్ల వలన ఈ పేరు తెలుగువారికి అందరికీ సుపరిచితము. అయినను ఆడపిల్లలకు ఈ పేరు పెట్టుకొన్నవారు బహు తక్కువ. పాఠ్యపుస్తకములలో ప్రతివారూ చదివిన పేరు ఇళ్ళలో మాత్రం దాదాపు వినిపించకపోవుట ఈ నామములోని విశేషము.

ఈ వ్యాసము మొల్ల అను పేరు పుట్టుక, అర్థము, వాడుకలను గురించినది.

పదము, అర్థము

తెలుగు నిఘంటువులలో 'మొల్ల' అను పదమునకు ఒక విధమైన మల్లె అనియు, సంస్కృతములోని 'కుందము' అనియు అర్థము చెప్పబడినది. ఇది సంస్కృతము నుండి వచ్చిన పదము కాదు; అచ్చతెలుగు పదము. దీని సోదర పదములు ఇతర ద్రావిడ భాషలలో ఉన్నవి.

* తమిళము: ముల్లై
* మలయాళము: ముల్ల
* కన్నడము: మొల్లె
* తెలుగు: మొల్ల

ఈ రూపముల మధ్య గల భేదము యాదృచ్ఛికము కాదు. తమిళములో పదము చివర 'ఐ' ఉన్నచోట కన్నడములో 'ఎ', తెలుగులో 'అ' వచ్చుట చాలా పదములలో కనిపిస్తుంది. తమిళ 'తలై' కన్నడములో 'తలె', తెలుగులో 'తల' అయినది. అట్లే 'మలై', 'మలె', 'మల' (కొండ అని అర్థము, తిరుమలలోని 'మల' ఇదే). పదాదిలో తమిళము 'ఉ'కారమును చూపగా తెలుగు, కన్నడములు 'ఒ'కారమును చూపుట కూడా ఇటువంటి నియమమే. తమిళ 'పుకై' తెలుగులో 'పొగ' అగుట దీనికి ఉదాహరణ. ఈ రెండు నియమములను కలిపి చూసినచో ముల్లై, మొల్లె, మొల్ల అనునవి ఒకే మూలపదము యొక్క రూపములని స్పష్టమగును.

ప్రాచీన తమిళ సాహిత్యములో 'ముల్లై' పువ్వు పేరు మాత్రమే కాదు. సంగం కవిత్వములో భూభాగమును ఐదు విధములుగా విభజించి, ఒక్కొక్క దానికి ఒక పువ్వు లేక చెట్టు పేరు పెట్టినారు. అందులో అడవులు, పచ్చిక బయళ్ళు గల పశుపాలకుల ప్రాంతమునకు 'ముల్లై' అని పేరు. ఈ విభాగపు కవితలకు ప్రధాన వస్తువు భర్త రాకకై ఓర్పుతో ఎదురుచూచు స్త్రీ. పారి అను రాజు ఆధారము లేక నేలపై పడియున్న ముల్లై తీగ అల్లుకొనుటకు తన రథమునే ఇచ్చివేసినాడని తమిళుల గాథ.

పువ్వు

మొల్లకు వృక్షశాస్త్రములో జాస్మినమ్ మల్టీఫ్లోరమ్ అని పేరు. పూర్వపు గ్రంథములలో జాస్మినమ్ ప్యూబిసెన్స్ అని కూడా కనిపిస్తుంది. మొదటి పేరుకు ఎక్కువ పువ్వులు పూయునదనియు, రెండవ పేరుకు నూగు గలదనియు అర్థము. లేత కొమ్మలు, ఆకులు, పుష్పరక్షకములు మెత్తని నూగుతో ఉండుటచేత ఈ రెండవ పేరు వచ్చినది. పువ్వులు తెల్లగా, సన్నని రేకులతో, గుత్తులుగా పూయును. సాధారణ మల్లె (జాస్మినమ్ సంబాక్)తో పోల్చినచో దీని వాసన చాలా తక్కువ.

మల్లె వేసవి పువ్వు కాగా, మొల్ల చలికాలపు పువ్వుగా కవిత్వములో ప్రసిద్ధి. అమరకోశములో కుందమునకు 'మాఘ్యము' అను పర్యాయపదము కలదు. మాఘమాసమున పూయునది అని దాని అర్థము.

సోదర భాషలలో ఒకే పదము వేర్వేరు మల్లె జాతులకు వాడబడుచున్నది. తమిళులు ముల్లై అనగా చాలవరకు మరొక జాతిని చెప్పుదురు. మలయాళములో ముల్ల అనునది మల్లె జాతులన్నిటికీ సామాన్య నామముగా చెల్లును.

పూల వ్యాపారములో ఈ జాతిని 'కాకడ' లేక 'కాగడా మల్లె' అను పేర్లతో పిలుచుట కలదు. అందువలన పువ్వును చూచినవారు కూడా దానిని మొల్ల అని గుర్తించకపోవచ్చును.

సాహిత్యములో

తెలుగు కావ్యములలోని ఉద్యానవన వర్ణనలలో మల్లెలు, మొల్లలు, జాజులు, సంపెంగలు పక్కపక్కనే కనిపిస్తాయి. 'మల్లె', 'మొల్ల' అను రెండు పదములు అక్షరములలో దగ్గరగా ఉండి అనుప్రాసకు అనుకూలించుట ఇందుకు ఒక కారణము.

సంస్కృత సాహిత్యములో కుందము తెల్లదనమునకు ఉపమానము. సుందరీమణుల పలువరుసను కుందపు మొగ్గలతో పోల్చుట కవిసమయము. తెలుగు పద్యములలో కనిపించే 'కుందరదన' అను సంబోధనకు మొల్లమొగ్గల వంటి పలువరుస గలది అని అర్థము. పిల్లలు మొట్టమొదట నేర్చుకొనే సరస్వతీ స్తుతిలో కూడా ఆ దేవత తెల్లదనమును చెప్పుటకు కుందమును, చంద్రుని పేర్కొనుట జరిగినది. దిఙ్నాగుని రచనగా చెప్పబడు 'కుందమాల' అను సంస్కృత నాటకములో, నదిలో కొట్టుకొనివచ్చిన కుందపూల దండను చూచి అది సీత అల్లినదని రాముడు గుర్తుపట్టును. నాటకమునకు ఆ పేరు ఈ ఘట్టము వలననే వచ్చినది.

ఛందస్సులో 'మొల్ల' అను పదము ఒక గురువు, ఒక లఘువు గలది. ద్విత్వాక్షరమునకు ముందున్న 'మొ' గురువగును, 'ల్ల' లఘువగును. ఇది 'హ' గణము, అనగా సూర్యగణములలో ఒకటి. కావున ఆటవెలది, తేటగీతి వంటి దేశీయ పద్యములలో ఈ పేరు ఏ మార్పు లేకుండా ఒక గణముగా ఇమిడిపోవును.

ఆతుకూరి మొల్ల

ఈ పేరుతో ప్రసిద్ధి చెందిన వ్యక్తి ఆతుకూరి మొల్ల. ఆరు కాండములలో, సుమారు 870 గద్యపద్యములతో ఈమె రామాయణమును రచించినది. ఈమె తన అవతారికలో శ్రీనాథుని స్మరించినందున ఆయన తరువాతి కాలమునకు చెందినదని పండితులు భావింతురు. ఆమె కాలము 16వ శతాబ్దపు పూర్వభాగమని ఎక్కువమంది చెప్పుదురు. అంతకు పూర్వమని తలచినవారు కూడా ఉన్నారు. ఆమె ఊరు గోపవరము. అది కడప జిల్లాలో బద్వేలు సమీపమున ఉన్న గోపవరమని అధికుల అభిప్రాయము.

తాను శాస్త్రములు చదువుకొనలేదనియు, గోపవరపు శ్రీకంఠమల్లేశ్వరుని వరము వలన కవిత్వము చెప్ప నేర్చితిననియు ఆమె అవతారికలో చెప్పుకొన్నది. వినగానే అర్థము స్ఫురించు పలుకులే కావ్యమునకు అందమని, గూఢ శబ్దములతో నింపిన కావ్యము మూగచెవిటివారి ముచ్చట వంటిదని ఆమె అభిప్రాయము.

ఆమెకు ఆ పేరు వచ్చిన విధమును గురించి ఒక సంప్రదాయ కథనము ప్రచారములో ఉన్నది. తండ్రి కేసన శివభక్తుడు. ఆయన తన ఇష్టదైవమగు మల్లికార్జునునికి ప్రీతికరమైన పువ్వు పేరును కూతురికి పెట్టినాడని, బసవేశ్వరునిపై గౌరవముతో ఆమెను 'బసవి' అని కూడా పిలిచేవాడని చెప్పుదురు. మల్లికార్జునుడు, మల్లేశ్వరుడు అను పేర్లలోని 'మల్లి', 'మల్లె' శబ్దములు, 'మొల్ల' శబ్దము వేర్వేరు పదములు. కాని అవి సూచించు పువ్వులు ఒకే కుటుంబమునకు చెందినవి కావున ఈ కథనము జనులకు సహజముగా తోచినది.

పేరుకు ముందువెనుకల చేర్పులు

తెలుగునాట పూర్వపు స్త్రీల పేర్లకు చివర అమ్మ, అక్క, సాని, అంబ, దేవి వంటి పదములు చేరుట పరిపాటి. శాసనములలోను, గ్రంథములలోను ఈ విధమైన పేర్లే ఎక్కువగా కనిపిస్తాయి. ప్రసిద్ధ కవయిత్రుల పేర్లను గమనించిన ఈ విషయము తెలియగలదు.

* తాళ్ళపాక తిమ్మక్క – తిమ్మ + అక్క
* పసుపులేటి రంగాజమ్మ – చివర 'అమ్మ'
* రామభద్రాంబ – రామభద్ర + అంబ
* తరిగొండ వెంగమాంబ – చివర 'అంబ'

పై పేర్లన్నియు దైవ నామములకు స్త్రీవాచకము చేర్చగా ఏర్పడినవి. మొల్ల అను పేరు ఈ రెండు విధములకూ భిన్నమైనది. ఇది దేవుని పేరు కాదు. దీని చివర గౌరవవాచకము లేదు. కేవలము ఒక తెలుగు నామవాచకము వ్యక్తి పేరుగా నిలిచినది.

కాండముల చివర గల గద్యములలో కవయిత్రి తనను తండ్రి పేరుతోను, మొల్ల అను పేరుతోను పరిచయము చేసుకొన్నది. అచట ఆమె పేరుకు అమ్మ, అంబ మొదలైనవి లేవు. తరువాతి వారు మాత్రము ఆ పేరును ఒంటరిగా విడిచిపెట్టలేదు. కొందరు 'మొల్లమ్మ' అన్నారు. మరికొందరు గౌరవముగా 'మొల్లమాంబ' అని వ్రాసినారు. జనవ్యవహారములో 'కుమ్మర మొల్ల', 'కుమ్మరి మొల్ల' అను రూపములు స్థిరపడినవి.

వీనిలో చివరి రూపమును గురించి పండితులలో చర్చ జరిగినది. ఆమె కుమ్మరి కులమున జన్మించినదని సంప్రదాయము బలముగా చెప్పుచున్నది. కుమ్మరులు ఆమెను తమ కులమునకు కీర్తి తెచ్చిన మహనీయురాలిగా భావించి, మార్చి 13న మొల్ల జయంతిని జరుపుకొందురు. అయితే తన కావ్యములో ఆమె తన కులమును చెప్పుకొనలేదు. తండ్రి పేరు, ఊరి దైవము, తన పేరు మాత్రమే చెప్పినది. 'కుమ్మర' అను విశేషణము సంప్రదాయము నుండి వచ్చినదే కాని ఆమె గద్యముల నుండి వచ్చినది కాదు. ఈ విశేషణమును ఒక వర్గపు ప్రజలు గర్వకారణముగా ధరించినారు. మరొకవైపు, ఆమెతో సమానులైన పురుష కవులను కులము పేరుతో పిలువని సాహిత్య వ్యవహారము ఆమెను మాత్రము అట్లే పిలిచినది. ఒక కవయిత్రి తాను ఉంచుకొన్న పేరు ఒకటి, లోకము ఆమెకు ఇచ్చిన పేరు మరొకటి అగుటకు ఇది స్పష్టమైన ఉదాహరణ.

గ్రంథము విషయములో మాత్రము పేరు చేర్పులు లేకుండానే నిలిచినది. రంగనాథ రామాయణము, భాస్కర రామాయణము అన్నట్లే 'మొల్ల రామాయణము' అను వ్యవహారము ఏర్పడినది.

సమానార్థక నామములు

తెలుగునాట పువ్వుల పేర్లు గల స్త్రీలు ఎందరో కలరు. అయితే ఆ పేర్లలో అధిక భాగము సంస్కృత పదములే.

* తామర – పద్మ, కమల, సరోజ, నళిని, అరవింద
* మల్లె – మల్లిక
* సంపెంగ – చంపక
* మొగలి – కేతకి
* సామాన్యముగా పువ్వు – పుష్ప, కుసుమ, సుమ

ఎడమవైపున ఉన్న తెలుగు పదములు ప్రతి ఇంటా వాడుకలో ఉన్నవే అయినను, వ్యక్తి నామములుగా చెల్లుట తక్కువ. తామర అనే అమ్మాయి కంటే పద్మ అనే అమ్మాయి ఎక్కడైనను ఎక్కువగా కనిపించును. మొల్ల ఈ విషయములో ప్రత్యేకమైనది. దానికి సంస్కృత సమానమైన 'కుంద' కూడా తెలుగు స్త్రీల పేర్లలో విస్తరించలేదు.

చరిత్రలో కుంద శబ్దము వినిపించు పేర్లు కొన్ని ఉన్నవి. చోళచక్రవర్తి రాజరాజు కుమార్తె కుందవై వేంగి చాళుక్య రాజగు విమలాదిత్యుని భార్య. నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుడు ఆమె కుమారుడు. కాకతీయ గణపతిదేవుని సోదరీమణులలో ఒకరి పేరు కుందాంబ. అయితే శబ్దసామ్యము మాత్రమే చూచి ఈ పేర్లు కుందపుష్పము నుండి వచ్చినవని నిర్ణయించుట సరికాదు. 'మల్లమ్మ' అను పేరు విషయములోను ఇట్టి జాగ్రత్త అవసరము. అది మల్లయ్య, మల్లికార్జునుడు అను దైవనామములకు స్త్రీరూపమే కాని నేరుగా పువ్వు పేరు కాదు.

అరుదు అగుటకు కారణములు

ఇంత ప్రసిద్ధమైన పేరు వాడుకలో విస్తరించకపోవుటకు ఈ క్రింది కారణములను చెప్పవచ్చును.

1. నామకరణ సంప్రదాయము: తెలుగు కుటుంబములలో నాయనమ్మ, అమ్మమ్మల పేర్లను, కులదైవము లేక ఇలవేల్పు పేరును పిల్లలకు పెట్టుట ఆచారము. పువ్వు పేరుగా ఉన్న మొల్లకు ఈ రెండు మార్గములలోను ప్రవేశము లేదు. ఒక తరములో ఆ పేరు గలవారు లేకున్న, మనుమరాలికి అది సంక్రమించు అవకాశము ఉండదు.

2. సంస్కృత నామములపై మక్కువ: 20వ శతాబ్దములో అమ్మ, అక్క చేరిన పాత పేర్లు తగ్గి పద్మ, సరోజ, లత, మాలతి వంటి సంస్కృత నామములు పెరిగినవి. పాతకాలపు తెలుగు పేరుగా తోచిన మొల్లకు ఈ మార్పు వలన ప్రయోజనము కలుగలేదు.

3. పదము మరుగున పడుట: పువ్వుకు వేరు పేర్లు వాడుకలోకి వచ్చుటచే మొల్ల అనగా పువ్వు అను స్ఫురణ చాలామందికి లేకుండా పోయినది. అర్థము తెలియని పేరును బిడ్డకు పెట్టుటకు తల్లిదండ్రులు సందేహింతురు.

4. ఒకే వ్యక్తితో ముడిపడుట: మొల్ల అనగానే కవయిత్రియే గుర్తుకు వచ్చును. పేరు సామాన్య నామముగా కాక ఒకరి సొంత ఆస్తి వలె మారినది.

5. కులవాచకముతో కలిసి వినబడుట: 'కుమ్మర మొల్ల' అను జంటపదముగా పేరు వ్యాపించుట వలన అది ఒక వర్గమునకు చెందిన పేరు అను భావన ఇతరులలో కలుగుటకు అవకాశమున్నది. పదముగా చూచిన మొల్లకు ఏ కులముతోను, మతముతోను సంబంధము లేదు.

వ్యాకరణము, ఉచ్చారణ

సంస్కృతములో దీర్ఘముతో ముగియు సీతా, లతా, మాలా వంటి పదములు తెలుగులో సీత, లత, మాల అని హ్రస్వాంతములగును. మొల్ల సహజముగానే హ్రస్వాంతమగు తెలుగు పదము. కనుక వినుటకు ఈ ఆధునిక నామముల వరుసలోనే ఇమిడిపోవును. విభక్తులు చేరునపుడు మొల్లను, మొల్లకు, మొల్లతో అని రూపములు వచ్చును. పువ్వు అను అర్థములో బహువచనము మొల్లలు.

పేరులోని ఒకారము హ్రస్వము. లకారము ద్విత్వము. ద్విత్వమును వదలి 'మొల' అని వ్రాసినచో నడుము అని అర్థము మారిపోవును (మొలతాడు అను పదములో ఉన్నది ఇదే). ఆంగ్ల లిపిలో హ్రస్వ దీర్ఘ ఒకారములకు భేదము లేనందున తెలుగు తెలియనివారు దీనిని 'మోల్లా' అని చదువుట జరుగును.

పోలిక గల ఇతర పదములు

* ముల్లా: ఇస్లాం మతవిద్వాంసులకు వాడు బిరుదము. అరబ్బీ మూలము గల పదము. బెంగాలీ ముస్లిములలో 'మొల్లా' అను ఇంటిపేరు దీని నుండి వచ్చినదే. తెలుగు మొల్లతో సంబంధము లేదు.
* ముల్లు: కంటకము. తమిళ ముల్లై, తెలుగు ముల్లు అను పదములు వినుటకు దగ్గరగా ఉన్నను వేర్వేరు ధాతువులకు చెందినవి.
* మాల్, మోలీ: ఆంగ్లేయులలో మేరీ అను పేరుకు ముద్దుపేర్లు. వీనికి కూడా మొల్లతో సంబంధము లేదు.

ఆధునిక కాలములో

1970లో పద్మనాభం దర్శకత్వములో 'కథానాయిక మొల్ల' అను తెలుగు చలనచిత్రము వెలువడినది. అందులో మొల్ల పాత్రను వాణిశ్రీ ధరించినది. ఈ చిత్రమునకు రాష్ట్ర ప్రభుత్వపు నంది పురస్కారము లభించినది. కావ్యము చదువని ప్రజలకు కూడా ఈ పేరు చేరుటకు ఈ చిత్రము తోడ్పడినది. హైదరాబాదులో టాంక్‌బండ్‌పై గల తెలుగు ప్రముఖుల విగ్రహములలో మొల్ల విగ్రహము ఒకటి. 2017లో భారత తపాలా శాఖ 'కవయిత్రి మొల్ల' పేరున తపాలా బిళ్ళను విడుదల చేసినది.

ఈ సందర్భములన్నిటిలోను ఆ పేరు కవయిత్రిని ఉద్దేశించినదే. కొత్తగా పుట్టిన బిడ్డకు పెట్టు పేరుగా మొల్ల ఇప్పటికీ అరుదైనదే. అయితే చిన్నదిగా, రెండే అక్షరములతో, సులభముగా పలుకదగినదిగా, అచ్చతెలుగు అర్థముతో ఉన్న పేరు కావలెనని కోరువారికి ఈ పేరులో లోపమేమియు కనిపించదు. ఇది తెల్లని చలికాలపు పువ్వు పేరు. వినగానే అర్థమగు పలుకులే అందమని చెప్పిన ఒక స్త్రీ తన కావ్యములో ప్రతి కాండము చివర, మరే చేర్పు లేకుండా వ్రాసుకొన్న పేరు.

ఇవి కూడా చూడండి

* ఆతుకూరి మొల్ల
* మొల్ల రామాయణము
* మల్లె
* తెలుగు కవయిత్రులు
* తెలుగువారి పేర్లు